తోమకూడనిది

ముప్పై ఏళ్లుగా మరకలతోనే నా కాపురం.
కాఫీ, ద్రాక్షసారా, ఓడ ఇంజన్ల గ్రీజు,
పెళ్లికొడుకు కాలరు మీద ఎవరిదో లిప్‌స్టిక్కు.
ట్రియెస్టె రేవులో మాసిన ప్రతి చొక్కా
ఏదో ఒకనాడు మూటై వచ్చి నా బల్ల మీద కూర్చుంటుంది.

యంత్రాల అడుగున జల్లెడలుంటాయి.
రాత్రి దుకాణం కట్టేశాక విప్పి దులిపితే
గుండీలు, తలపిన్నులు, ఒకసారి బంగారు పన్ను,
ఎప్పుడూ చిల్లర.
చిల్లర కోసం ఎవరూ వెనక్కి రారు.
జామ్ సీసాలో వేస్తాను. సీసా నిండితే
ఆ శుక్రవారం కవళ్లు వండుకుంటాను.

బోరా గాలి మనిషిని వీధి మలుపులో
గోడకు అంటించి నిలబెట్టే ఫిబ్రవరిలో
మూడో నంబరు జల్లెడలో ఒక నల్లటి బిళ్ల.
యూరో కాదు. చచ్చిపోయిన లీరా కూడా కాదు.
గోటితో తడిమితే రెక్కలు తగిలాయి,
రెక్కలకు పైన రెండు తలలు:
ఒకటి ఇటు, ఒకటి అటు,
రెండిళ్ల మధ్య పంచాయితీ వింటున్నట్టు.

"నాణెం దొరికింది" అని అద్దానికి చీటీ అంటించాను.
నెల తిరిగినా ఎవరూ రాలేదు.
ఇక నాదే అనుకున్నాక
నాకు తెలిసిన మర్యాద నేను చేశాను:
వెనిగర్, ఉప్పు, అరిగిన పళ్ల బ్రష్షు.
పది నిమిషాల్లో రాగి
అప్పుడే పుట్టినట్టు ఎర్రగా తేలింది.
ముచ్చటపడి రుమాల్లో చుట్టుకుని
మూడో ఆదివారం పాత ఊరి సందుల్లో సంతకు పోయాను.

లివియో బల్ల చిన్నది, భూతద్దం పెద్దది.
చూశాడు. మళ్లీ చూశాడు.
ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగినంత మెల్లగా
"ఎవరు తోమారు?" అన్నాడు.
"నేనే." ఇంకా గర్వంగానే ఉన్నాను.
"ఆస్ట్రియా క్రాయిట్సర్, సిన్యోరా నెవెంకా.
ఆ నలుపు రావడానికి రెండు వందల ఏళ్లు పట్టింది.
నలుపుతో తెస్తే పాతిక యూరోలు ఇచ్చేవాణ్ణి.
ఇప్పుడు కాఫీ ఇప్పిస్తాను, రండి."

కాఫీ దగ్గర చెప్పాడు,
తన మొదటిదాన్ని టూత్‌పేస్టుతో చంపాడట.
వెండిది. పన్నెండేళ్లప్పుడు.
"చదువుకు ఫీజు. అందరమూ కడతాం."
తర్వాత కాగితం రుమాలు మీద రాసిచ్చాడు:
అంచులే పట్టుకోవాలి.
మెత్తటి ప్లాస్టిక్కులో దాచొద్దు, అది చెమట పడుతుంది.
కొనేముందు చదవాలి, చదివాక నెల ఆగాలి.
మెరిసేదాన్ని అనుమానించాలి.
చివరిది రాస్తూ నా వైపు చూడలేదు.

"ఏవి పోగు చెయ్యను?" అన్నాను.
ప్రపంచమంతా వద్దన్నాడు,
దానికి మీ సొరుగు చాలదన్నాడు.
ఆలోచించి, జల్లెడలో పడ్డవే ఏరుకుంటానన్నాను.
నవ్వుతాడనుకున్నాను.
నోటుపుస్తకం కొనుక్కోమన్నాడు.

ఇప్పుడు చిల్లర తిన్నగా సీసాలోకి పోదు.
ఒక్కొక్కటీ దీపం కింద బొమ్మా బొరుసూ తిరుగుతుంది.
ఫిన్లండు హంసలు, గ్రీసు గుడ్లగూబ,
ఒక నావికుడి ప్యాంటులోంచి
నడుమ చిల్లున్నది, డెన్మార్కుదట.
చెల్లని కాసుకు గీతలెక్కువ అంటారు;
ఆ గీతలే చదువుతూ కూర్చుంటే
పన్నెండు దాటుతోంది.
కవళ్లు తిని మూడు నెలలైంది.

తోమినదాన్ని మాత్రం అమ్మలేదు, దాచలేదు.
కిటికీ గట్టు మీద పెట్టాను, గాలికి.
మళ్లీ నల్లబడుతుందా అంటే
"రెండు వందల ఏళ్లు ఓపిక పట్టండి" అన్నాడు లివియో.

మొన్న ఎడమ రెక్క మీద
గోధుమరంగు మచ్చ ఒకటి లేచింది.
దుకాణానికి తాళం వేసి మరీ పరుగెత్తాను.
భూతద్దంలోంచి తలెత్తకుండానే అన్నాడు:
"ఇది మీ బొటనవేలు.
అంచులే పట్టుకోమన్నాను కదా."

నా వేలి గీతలు, రాగి మీద.
ఎలా పోతుందని అడగబోయి
కాఫీ డబ్బులు ఈసారి నేనిచ్చి
ఇంటికొచ్చాను.